పిలిచినా రాని ముసలి శునకము

కిందటి సంవత్సరము ఆషాఢములో ఒక సాయంకాలము గ్యాసు బండ తెచ్చిన కుర్రవాడు వెళుతూ మా వీధి గేటు వేయడము మరచిపోయాడు. నేను వసారాలో పత్రిక చదువుకుంటున్నాను. తల ఎత్తి చూసేసరికి మా సీజర్ గేటు దాటి, రోడ్డు అంచున ఏదో వాసన చూస్తూ మెల్లగా రోడ్డు మధ్యకు నడుస్తున్నది. “సీజర్, కమ్!” అని పిలిచాను. తిరిగి చూడలేదు. గొంతు పెంచి మళ్ళీ పిలిచాను. మూడవసారి అరిచాను. మలుపు తిరిగి వచ్చిన బడిపిల్లల వ్యాను కీచుమని బ్రేకు వేసి, దానికి రెండు మూరల దూరములో ఆగింది. అరిగిన మోకాళ్ళతో చేతనైనంత వేగముగా వెళ్ళాను. మెడపట్టీ పట్టుకొని లోపలికి ఈడ్చుకు వచ్చాను. చేతిలో ఉన్న పత్రికను మడిచి దాని మూతి మీద రెండు దెబ్బలు వేశాను.

అది అరవలేదు. వెనుక కాళ్ళు గ్రానైటు నేల మీద జారుతుండగా బీరువా చాటుకు పోయి పడుకుంది. “అది వినలేదేమోనండీ” అన్నది మా శ్రీమతి. “వినకపోవడమేమిటి? పన్నెండేళ్ళుగా వింటున్న మాటే. పొగరు” అన్నాను.

మిత్రులారా, 40 సంవత్సరములు వైద్యము చేసినవాడిని. “మా మామగారు మాట వినడము లేదు, మొండితనము బాగా పెరిగింది” అని కోడళ్ళు చెప్పిన సందర్భములు లెక్కలేనన్ని. వారి మాట విని నేను ఎన్నడూ ‘మొండితనము’ అని చీటీ మీద వ్రాయలేదు. చెవిలో గులిమి ఉన్నదేమో చూసేవాడిని, ట్యూనింగ్ ఫోర్కు పెట్టి వినికిడి పరీక్షించేవాడిని, మోకాళ్ళు ముడిచి చాపించేవాడిని, తేదీ, వారము అడిగేవాడిని. సగము మంది మొండితనము అక్కడే పోయేది. అటువంటి నేను నా ఇంటి ప్రాణికి పరీక్ష లేకుండా రోగనిర్ణయము చేశాను. చికిత్స కూడా చేశాను, మడిచిన పత్రికతో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆరోగ్య విషయములు వ్రాసే చోట కుక్క కథ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన ఊళ్ళలో పిల్లలు హైదరాబాదుకో, అమెరికాకో వెళ్ళిపోయిన ఇళ్ళలో వారు ముచ్చటపడి తెచ్చిన కుక్కపిల్లలు ఇప్పుడు ముసలివై, ముసలి తల్లిదండ్రుల చేతిలో ఉన్నాయి. మా సీజర్ కూడా మా అబ్బాయి డాలస్ వెళుతూ మాకు వదలి వెళ్ళిన లాబ్రడారే. నడవలేని మనిషి, నడవలేని జంతువు ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ‘పిలిస్తే రావడము’ అన్నది ముచ్చట కాదు, ఇద్దరి భద్రతకూ సంబంధించిన విషయము. దాని వెంట పరుగెత్తబోయి తుంటి ఎముక విరిగినవారిని నేను చూశాను.

నా అభిప్రాయము ముందే చెబుతాను. వయస్సు మీరిన శునకము పిలుపుకు రాకపోతే దానిని అవిధేయతగా కాక రోగలక్షణముగా చూడాలి. ఆ తరువాత మళ్ళీ నేర్పవలసినది పాత పిలుపు కాదు. దాని శరీరమునకు తగిన కొత్త పిలుపు, అందులో మనము నడవవలసిన దూరము కూడా కలిసి ఉన్న పిలుపు.

మరునాడు పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాను. ఆయన వయస్సులో నా కుమారునికంటె చిన్నవాడు. సీజర్‌ను బల్ల మీదకు ఎక్కించలేదు, తానే నేల మీద కూర్చున్నాడు. వెనుక తొడలు రెండూ చేతులతో పట్టి చూపించాడు. కండలు కరిగి ముందు కాళ్ళకంటె బాగా సన్నబడ్డాయి. తుంటి కీలును వెనుకకు చాపబోతే తల తిప్పి ఆయన చేతిని నాకింది. “నొప్పి అని చెబుతున్నది సార్” అన్నాడు. ఎక్స్‌రేలో తొడ ఎముక తల గుండ్రదనము పోయి, అంచుల వెంట ఎముక పెరిగి ఉన్నది. ఆస్టియో ఆర్థ్రైటిస్, అంటే కీళ్ళ అరుగుదల. నా మోకాళ్ళలో ఉన్నది కూడా అదే. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతులలో తుంటి గిన్నెలో ఎముక తల సరిగా అమరకపోవడము వంశపారంపర్యముగా వచ్చే అవకాశము హెచ్చు. వయస్సుతో ఆ కీలు త్వరగా అరుగుతుంది.

శునకములు నొప్పికి మూలగడము అరుదు. అందువలన ఇంటివారు కుంటడము కోసము ఎదురు చూస్తారు. అది ఆలస్యముగా కనిపించే లక్షణము. అంతకు ముందే మంచము ఎక్కబోయి ఆగి ఆలోచించడము, నిద్ర లేచిన తరువాత మొదటి పది అడుగులు బిగుసుకొని నడవడము, మెట్ల దగ్గర మన ముఖము చూడడము, కూర్చున్నప్పుడు ఒక కాలు పక్కకు చాపడము, ఒకే కీలును పదే పదే నాకడము, వెనుక కాలి గోళ్ళు నేలకు రాసుకొని ముందువైపు అరగడము వంటివి కనిపిస్తాయి. సీజర్‌లో ఇవన్నీ సంవత్సరము నుంచి ఉన్నాయి. మేము “పాపము పెద్దదైపోయింది” అనుకున్నాము. వృద్ధాప్యము వ్యాధి కాదు. కాని వృద్ధాప్యము అన్న మాట చాటున చాలా వ్యాధులు దాక్కుంటాయి.

తరువాత చెవులు. మనుష్యుల చెవి సుమారు 20 వేల హెర్ట్జ్ వరకు వింటే, శునకము చెవి 40 వేల హెర్ట్జ్‌కు పైగా వినగలదు. అయితే సుమారు ఎనిమిది, పది సంవత్సరముల వయస్సు నుంచి లోపలి చెవిలోని వినికిడి కణములు క్షీణించడము మొదలవుతుంది. సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు ముందుగా పోతాయి. అంటే ఈల, తాళముల గుత్తి చప్పుడు, మా శ్రీమతి గొంతు ముందు పోయి, తలుపు దడదడలాడిన చప్పుడు మాత్రము మిగులుతుంది. అది విని లేచిన కుక్కను చూసి “వినబడుతూనే ఉన్నది, నాటకము” అని మనము తీర్పు చెబుతాము. రెండు చెవులలో వినికిడి సమానముగా తగ్గకపోతే మరొక చిక్కు. పిలుపు వినబడుతుంది, ఎటువైపు నుంచి వచ్చినదో తెలియదు. మీరు గేటు వద్ద పిలిస్తే అది పెరటివైపు పోతుంది. ఇంట్లో పరీక్షించదలిస్తే అది మీకు వీపు పెట్టి ఉన్నప్పుడు, గాలి తగలనంత దూరములో, కాలు నేలకు తట్టకుండా, ఒకసారి స్టీలు పళ్ళెమును చెంచాతో మోగించి, కొంతసేపటికి రెండు అరచేతులు బోలుగా చేసి చప్పట్లు కొట్టండి. చెవి ఏ చప్పుడుకు కదిలింది, ఏ దానికి కదలలేదు అన్నది మీకే తెలుస్తుంది. నేల కదిలితే పాదములతో గ్రహిస్తాయి కనుక కాలు తట్టవద్దని చెబుతున్నాను.

కన్నుల విషయము క్లుప్తముగా చెబుతాను. ముసలి శునకముల కంటి కటకము నీలి బూడిద రంగుకు మారడము సహజము. దాని వలన చూపు పెద్దగా తగ్గదు. పాలవలె తెల్లబడితే అది శుక్లము, చూపించవలసినది. ఇక మతిమరపు. మనుష్యులలో అల్జీమర్స్ వ్యాధిలో మెదడులో పేరుకొనే ఎమిలాయిడ్ పదార్థమే ముసలి శునకముల మెదడులో కూడా పేరుకుంటుంది. గది మూలలో నిలబడి బయటకు దారి తెలియకపోవడము, తలుపు తెరుచుకొనే వైపు కాక బందుల వైపు నిలబడడము, పగలు నిద్ర, రాత్రి తిరుగుడు, ఇంట్లోనే మూత్రము పోయడము కనిపిస్తే పిలుపు నేర్పడము రెండవ పని. వైద్యుడు మొదటి పని.

ఔషధముల వద్ద నేను చేయబోయిన తప్పును దాచను. ఎక్స్‌రే చూసిన రోజే ఇంటికి వచ్చి నా సొరుగులోని డైక్లోఫినాక్ మాత్రను సగము విరిచి చేతిలో పట్టుకున్నాను. పశువైద్యునికి ఒక మాట చెబుదామని ఫోను చేస్తే ఆయన గొంతు మారిపోయింది. మనుష్యులు వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు శునకములలో జీర్ణాశయపు పుండ్లు, రక్తస్రావము, మూత్రపిండముల వైఫల్యము కలుగజేస్తాయి. మోతాదు తగ్గించి ఇచ్చినంత మాత్రాన అవి క్షేమకరము కావు. డైక్లోఫినాక్ వాడిన పశువుల కళేబరములు తిని రాబందులు మూత్రపిండములు చెడి చనిపోవడము వలన మన దేశములో పశువైద్యములో ఆ మందును 2006లో నిషేధించారు. అది చదివి కూడా మరచిపోయాను. శునకములకు తగిన నొప్పి మందులు వేరుగా ఉన్నాయి. రక్తపరీక్ష చేసి పశువైద్యుడే వ్రాయాలి, స్టీరాయిడ్లతో కలిపి ఇవ్వకూడదు. వైద్యులమైన మనము మన సొరుగు మీద ఎక్కువ నమ్మకము పెట్టుకోవడము కూడా ఒక జబ్బే.

బరువు సంగతి కూడా అప్పుడే తేలింది. సీజర్ 41 కిలోలు ఉన్నది. ఉండవలసినది 33. లాబ్రడార్ జాతి మీద ఒక పేరుపొందిన పరిశీలన ఉన్నది. 48 కుక్కపిల్లలను జతలుగా విభజించి, ప్రతి జతలో ఒకదానికి రెండవదానికంటె 25 శాతము తక్కువ ఆహారము జీవితాంతము పెట్టారు. 2002లో ప్రకటించిన ఫలితములలో, ఎక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 11.2 సంవత్సరములైతే తక్కువ తిన్నవాటిది 13 సంవత్సరములు. కీళ్ళ అరుగుదల కూడా వాటిలో ఆలస్యముగా వచ్చింది. మేము ఉదయము కాఫీతో పాటు సీజర్‌కు పెడుతున్న మూడు బిస్కట్లు, రాత్రి పెరుగన్నము ఆపడానికి మా శ్రీమతి ఒప్పుకోవడము మొత్తము చికిత్సలో అన్నిటికంటె కష్టమైన ఘట్టము.

ఇక నేర్పడము. “మొక్కై వంగనిది మానై వంగునా” అని వెంటనే అంటారు. ఈ సామెత వలన మన దేశములో వృద్ధులకు జరిగిన అన్యాయము తక్కువ కాదు. పక్షవాతము వచ్చిన డెబ్బది ఏళ్ళ మనిషి ఎడమ చేతితో వ్రాయడము నేర్చుకోవడము నేను చూశాను. శునకముల విషయములో టొరాంటో విశ్వవిద్యాలయపు మిల్‌గ్రమ్ బృందము ముసలి బీగిల్ జాతి శునకములను రెండేళ్ళకు పైగా పరిశీలించింది. ఆక్సీకరణ నిరోధకములు కలిపిన ఆహారమొక్కటే కాక, తోడు, నడక, ఆటవస్తువులు, నేర్చుకొనే పనులు కూడా ఇచ్చిన శునకములు నేర్చుకోవడములో అన్నిటికంటె మెరుగుగా ఉన్నాయి. ముసలి శునకము నేర్చుకుంటుంది. దానికి కష్టమైనది ఒకసారి నేర్చుకున్నదానికి అర్థము తలకిందులు చేయడము.

అందుకే పాత మాటను బాగుచేయాలని చూడవద్దు అంటాను. మన ఇళ్ళలో మనుష్యులతో తెలుగు మాట్లాడేవారము కూడా కుక్కతో ఇంగ్లీషు మాట్లాడతాము, ఎందుకో తెలియదు. మా ఇంట్లో ‘కమ్’ అన్న మాట పన్నెండేళ్ళలో ఏమి తెచ్చిపెట్టింది? స్నానము, పిడుదుల పొడి, సూది, ఆట ముగియడము, చివరికి మూతి మీద దెబ్బలు. జీర్ణక్రియ మీద కృషికి 1904లో నోబెల్ బహుమతి పొందిన పావ్లోవ్ తన శునకములలో చూసినది ఇదే. ఒక సంకేతము వెంట ఏది వస్తుందో శరీరము దానికి సిద్ధమవుతుంది. ఆ సంబంధము చెరిగిపోయినట్లు కనిపించినా కొంత విరామము తరువాత తిరిగి తల ఎత్తుతుందని కూడా ఆయనే చూపాడు. ఇక రెండేళ్ళ నుంచి ‘కమ్’ అంటే తుంటి నొప్పి. పిలిచినప్పుడల్లా లేవాలి, జారే నేల మీద నడవాలి. ఎవరికైనా రాబుద్ధి అవుతుందా?

కొత్త మాటగా ‘దా’ అన్నది ఎంచుకున్నాము. మా అమ్మ దూడను పిలిచే మాట. నోరు తెరిచి, గొంతు దించి, సాగదీసి పలకవచ్చు. హెచ్చు ధ్వనులు పోయిన చెవికి ఇటువంటి మాట అందే అవకాశము ఉన్నది. దానితో పాటు ఒక సైగ. చేయి పక్కకు చాపి, నెమ్మదిగా మోకాలి వద్దకు తెచ్చుకోవాలి. చేతిలో పసుపుపచ్చ తువ్వాలు పట్టుకున్నాను. శునకములకు పసుపు, నీలము బాగా తెలుస్తాయి, ఎరుపు మసకగా ఉంటుంది. కదలని వస్తువుకంటె కదిలే వస్తువు వాటికి త్వరగా కంటబడుతుంది. చీకటి పడితే టార్చిలైటును నేల మీదకు వేసి ఒకసారి ఆర్పి వెలిగిస్తాము. కన్నులలోకి వేయకూడదు.

మొదటి వారము దానిని ఒక్క అడుగు కూడా వేయమనలేదు. ఇది ముఖ్యము. అది పడుకొని ఉండగా ఎదుటికి వెళ్ళి, కనిపించేలా కూర్చొని, సైగ చేసి ‘దా’ అని, వెంటనే నోటి వద్ద తాయిలము పెట్టడము, అంతే. పూటకు నాలుగైదుసార్లు మించి కాదు. ఉడికించిన కోడిమాంసము చిటికెన గోరంత ముక్కలు. రోజు మొత్తము తాయిలము వాటి ఆహారములో పదవ వంతు దాటరాదు. అది కూడా రోజువారీ తిండిలో తగ్గించి పెట్టాలి. కీరదోస, ఉడికిన క్యారెట్ కూడా చాలా శునకములు తింటాయి. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ పెట్టకూడదు. ప్రసాదములో కిస్‌మిస్ ఉంటుందని గుర్తుంచుకోండి. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో ఉండే జైలిటాల్ కొద్ది మోతాదులోనే వాటి రక్తములో చక్కెరను ప్రమాదకరముగా పడగొడుతుంది.

రెండవ వారములో రెండు అడుగుల దూరము. అంతకు ముందు నేలను సరిచేయాలి. నున్నని గ్రానైటు, టైల్సు మనకు అందము, వాటికి మంచుగడ్డ. పడుకొనే చోటు నుంచి నీళ్ళ గిన్నె వరకు, అక్కడి నుంచి గుమ్మము వరకు రబ్బరు చాపలు పరచాము. డబ్బు పెట్టలేనివారు గోనెపట్టాలు కుట్టి, అంచులు జారకుండా బిగించి వేయవచ్చు. గోళ్ళు కత్తిరించి, వేళ్ళ మధ్య వెంట్రుకలు తీసివేయించాలి. నా ఉద్దేశములో చాలా ఇళ్ళలో శిక్షణ విఫలము కావడము లేదు, నేల విఫలమవుతున్నది.

వచ్చిన తరువాత ‘సిట్’ అని కూర్చోబెట్టకండి. శిక్షకులందరూ అలా నేర్పుతారు. పడుచు కుక్కకు అది మంచిదే. తుంటి అరిగిన శునకమునకు కూర్చోవడము, లేవడము రెండూ నొప్పే. వచ్చినందుకు బహుమానముగా మరొక నొప్పి పెట్టడమవుతుంది. నిలబడనివ్వండి. తాయిలము దాని రొమ్ము ఎత్తులో పట్టండి, మెడ పైకి చాచవలసిన అవసరము లేకుండా. నేను గొంతుక్కూర్చోలేను కనుక ఎత్తుపీట వేసుకొని కూర్చుంటాను. వెనుక నుంచి హఠాత్తుగా తాకకండి. తిన్న తరువాత దాని దారిన దానిని పోనివ్వండి. పిలిచినప్పుడల్లా గొలుసు వేస్తే ఈ మాట కూడా పాత మాట దారి పడుతుంది. స్నానమునకు, మందులకు పిలవకండి. మీరే దాని వద్దకు వెళ్ళండి.

ఒకసారి పిలిచి, మనసులో ఐదు లెక్కపెట్టండి. ముసలి మెదడు, ముసలి కాళ్ళు కలిసి నిర్ణయము తీసుకోవడానికి ఆ మాత్రము పడుతుంది. మనము ఆగలేక నాలుగుసార్లు పిలుస్తాము. దానితో మాట అరిగిపోతుంది. రాకపోతే మళ్ళీ పిలవవద్దు. సగము దూరము నడచి, దాని చూపులోకి వచ్చి, సైగ చేయండి. అప్పటికీ రాకపోతే పక్కకు వెళ్ళి తువ్వాలును పొట్ట కింద నుంచి పోనిచ్చి నడుము పట్టి, కలిసి నడవండి. దీనిని ఓటమి అనుకోవద్దు. పిలుపు అంటే ‘నీవు నా వద్దకు రా’ అని మాత్రమే అర్థము కానక్కరలేదు.

నేను పాత అలవాటు కొద్దీ ఒక నోటుపుస్తకములో వ్రాసుకున్నాను. తేదీ, వేళ, దూరము, వచ్చిందా లేదా. మూడు వారముల తరువాత చూస్తే ఉదయము ఆరు గంటలకు ఐదింటిలో రెండుసార్లు వస్తున్నది, సాయంకాలము ఐదు గంటలకు నాలుగుసార్లు. కారణము కనబడుతూనే ఉన్నది. నిద్ర లేచిన వెంటనే కీళ్ళు బిగుసుకొని ఉంటాయి. అప్పటి నుంచి లేచి, మూత్రమునకు వెళ్ళి, అరగంట ఇటూ అటూ తిరిగిన తరువాతే పాఠము పెట్టాము. కార్తికములో చలి తగలగానే లెక్క మళ్ళీ పడిపోయింది, అదీ కుంటు కనబడక ముందే. పశువైద్యుని వద్దకు వెళ్ళి మందు సరిచేయించుకున్నాము. రక్తపోటు చూసినట్లుగా పిలుపును కూడా చూడవచ్చని నాకు అప్పుడు తోచింది. రెండు వారములుగా పిలుపుకు రావడము తగ్గిన శునకమును కొత్త పాఠశాలకు కాదు, ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

‘దా’ కంటె ముఖ్యమని నేననుకొనే మాట మరొకటి ఉన్నది, ‘ఆగు’. రోడ్డు అవతల ఉన్న శునకమును పిలిస్తే అది వాహనముల మధ్య నుంచి మనవైపు వస్తుంది, అదీ నెమ్మదిగా. కదలక నిలబడితే మనమే వెళ్ళవచ్చు. పడుచు కుక్కకు నిలబడడము కష్టము, ముసలిదానికి అదే సులభము. నడకలో అది తనంత తాను ఆగిన క్షణములోనే అరచేయి ఎదురుగా నిలిపి, ‘ఆగు’ అని, దగ్గరకు వెళ్ళి నోట్లో ముక్క పెట్టాము. ఆ మాటకు ఎప్పుడూ మనమే నడచి వెళ్ళాలి, దానిని రప్పించకూడదు. నెలలోపే నేర్చుకుంది. చూపులో ఉంటే ఇరువది అడుగుల నుంచి ఆగుతున్నది. చూపులో లేకపోతే ఆగదు, చెవి వలన.

ఇంత శ్రమ ఎందుకు, గొలుసు వేసి కట్టివేస్తే పోలేదా అని మా ఇంటికి వచ్చే పెద్దలు ఒకరు అన్నారు. వీధిలో గొలుసు విప్పకూడదన్న దానిలో నాకు భేదాభిప్రాయము లేదు. మెడకు కాక ఛాతీకి పట్టీ వేసి, దానికే తాడు తగిలిస్తాము. కాని పగలంతా కట్టివేస్తే కదలిక లేని కీలు మరింత బిగుస్తుంది, కండ మరింత కరుగుతుంది. మోకాళ్ళ నొప్పి ఉన్న తల్లిని “నీవు లేవకమ్మా, పడుకో” అని మంచానికి అంటించే కొడుకుల ప్రేమ వంటిదే ఇది. ఇక మెడకు విద్యుత్తు తగిలించే పట్టీలు బజారులో దొరుకుతున్నాయి. చెవిటి శునకములకు అవి మేలని అమ్మేవారు చెబుతారు. నొప్పితో ఉన్న ప్రాణికి పిలుపు వెంట మరొక నొప్పి జోడించేదానిని నేను శిక్షణ అనలేను. విద్యుత్తు లేక ఉత్త అదురు మాత్రమే ఇచ్చే పట్టీలు వేరు. అదురు రాగానే తాయిలము పెట్టి అలవాటు చేస్తే అవి పూర్తిగా చెవిటివైన వాటికి పనికివస్తాయి. బెదిరితే మానివేయాలి.

పది నెలలైంది. బరువు 36 కిలోలకు దిగింది. ఇంట్లో, పెరటిలో మూడు వంతులు వస్తుంది. వాన పడిన రోజు రాదు, నేనూ పిలవను. ఒకసారి గేటు మళ్ళీ తెరిచి ఉండిపోయింది. ఈసారి దోషము నాదే, పాలప్యాకెట్టు తీసుకొని వేయడము మరిచాను. సీజర్ రోడ్డు అంచుకు చేరింది. అదృష్టవశాత్తు ఇటు తిరిగి ఉన్నది. అరచేయి చూపాను. నిలబడింది. చేతికర్ర పట్టుకొని నేను చేరేసరికి నిమిషము పైగా పట్టింది. ఒక ఆటో అతను బండి ఆపి, హారన్ కొట్టకుండా మా ఇద్దరినీ చూస్తూ కూర్చున్నాడు. ఇటు తిరిగి లేకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. అందుకే మరునాడు గేటుకు తనంతట తానే మూసుకొనే స్ప్రింగు పెట్టించాను. ఆ పని పదేళ్ళ క్రితమే చేయవలసినది.

మరొక విషయము వ్రాయడము మరచాను. సీజర్ చెవుల పరీక్ష జరిగిన నాటి నుంచి మా శ్రీమతి “రెండేళ్ళ నుంచి వంటింట్లోంచి పిలిస్తే మీరూ పలకడము లేదు” అంటూ వచ్చింది. పత్రికలో మునిగి ఉంటానని సమాధానము చెబుతూ వచ్చాను. పోయిన నెల నా శిష్యుడైన చెవి వైద్యుడు గదిలో కూర్చోబెట్టి ఆడియోగ్రామ్ తీశాడు. గీత ఎడమవైపు బాగానే ఉండి, కుడివైపు హెచ్చు ధ్వనుల వద్దకు వచ్చేసరికి మెట్లు దిగినట్లు దిగిపోయింది, రెండు చెవులకూ. వినికిడి యంత్రము ఇంకా రావలసి ఉన్నది. అంతవరకు భోజనమునకు పిలవవలసి వస్తే ఆమె వసారా దీపము ఒకసారి ఆర్పి వెలిగిస్తున్నది. సీజర్, నేను ఇద్దరమూ లేస్తున్నాము.